గోదారి గట్ల మీద సైకిల్ యాత్ర

కారులో పోయేవాళ్లకు కోనసీమ అంటే హైవే పక్కన కొబ్బరి తోటల వరుస. రావులపాలెం దాటితే సిద్ధాంతం, అది దాటితే తణుకు, అంతటితో డెల్టా అయిపోయినట్టే. అదే డెల్టాలో కాలువ గట్టు పట్టుకుని సైకిలు తొక్కేవాళ్లకు ఊరూరా ఒక రేవు, ఒక వంతెన, ఒక రావిచెట్టు అరుగు ఎదురవుతాయి. సైకిల్ యాత్రకు ఇంతకంటే అనువైన నేల మన రాష్ట్రంలో ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. ఈ అనువు ఒక్క ప్రకృతి ఇచ్చింది కాదు, నూట డెబ్భై ఏళ్ల కిందట పడవల కోసం చేసిన ఏర్పాటు.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ దృష్టిలో కాలువంటే పొలానికి నీళ్లు, సరుకుకు దారి, రెండూను. నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపింది. పడవ ఎదురెక్కాలంటే నీటి ఉరవడి తక్కువగా ఉండాలి. అందుకని కాలువలకు వాలు బహు స్వల్పంగా పెట్టి, నేల దిగిన చోట లాకులు కట్టారు. తాడు కట్టి పడవను లాగే మనుషులు నడవాలి కనుక గట్టు చదునుగా, తెంపు లేకుండా సాగాలి. లారీలొచ్చాక సరుకు పడవలు పోయాయి, గట్టు మిగిలింది. ఆనాడు పడవ లాగినవాళ్ల కాలికి కుదిరిన గట్టే ఇవాళ సైకిలు చక్రానికీ కుదిరింది.

ఫ్రాన్సులోనూ జరిగిందిదే. తులూజ్ నుంచి మధ్యధరా సముద్రతీరం దాకా 240 కిలోమీటర్ల కెనాల్ దు మిదీని 1681లో తెరిచారు. గుర్రాలు పడవలను లాగిన ఆ గట్ల మీద ఇప్పుడు సైకిల్ యాత్రికులు తిరుగుతున్నారు. లువార్ నది వెంట సుమారు 900 కిలోమీటర్ల సైకిల్ దారికి ఊరూరా బోర్డులున్నాయి. వాళ్లు కాపాడుకుని పేరు పెట్టుకున్నది మన దగ్గర పేరు లేకుండా పడి ఉంది.

గట్టు మీద యాత్రకు కొన్ని మెలకువలున్నాయి. మొదటిది, నీటిని చూసి దారి తెలుసుకోవడం. డెల్టా కాలువలు ఆనకట్ట దగ్గర పుట్టి చాలావరకు సముద్రం వైపు పారతాయి. నీటితో పాటు వెళితే తీరం వైపు, నీటికి ఎదురు వెళితే ధవళేశ్వరం వైపు వెళుతున్నట్టు. సెల్‌ఫోనులో సిగ్నల్ లేకపోయినా ఈ ఒక్క గుర్తు చాలు. నీరు పారే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే కుడిచేతి వైపు కుడి గట్టు, ఎడమచేతి వైపు ఎడమ గట్టు. ఇంజనీర్ల లెక్క ఇదే. పంట కాలువను మెరక మీద తవ్వుతారు, మురుగు కాలువ పల్లంలో పోతుంది. వానలు పడ్డాక డ్రెయిన్ల పక్క దారులు మునిగినా పంట కాలువ గట్టు సాధారణంగా తేలే ఉంటుంది.

రెండోది, ఏ గట్టో తేల్చుకోవడం. ఒకే కాలువకు ఒక పక్క తారు రోడ్డు, రెండో పక్క బంకమట్టి ఉండొచ్చు. రెండు మైళ్లు పోయాక ఇది అటూ, అది ఇటూ మారిపోవచ్చు. అందుకే ప్రతి వంతెన దగ్గరా ఆగి అడగాలి. "ఆయ్, ఇటేపు గట్టు దిగబడిపోతందండి, వంతెన దాటి అటేపెళ్లండి" అన్న మాట ఏ మ్యాపులోనూ దొరకదు. నది పక్కనుండే ఏటిగట్టు వేరు. అది వరదను ఆపడానికి ఎత్తుగా వేసింది. ఎండ, గాలి అక్కడ ఎక్కువ, చూపు కూడా దూరం పోతుంది. పొలాల మధ్య పుంతలు వానాకాలంలో పనికిరావు. ఒండ్రు మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుని చక్రాన్ని తిరగనివ్వదు.

మూడోది గాలి. డెల్టాలో కొండల్లేవు, ఎదురుగాలే ఇక్కడి కొండ. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి, సముద్రం మీది గాలి లోపలికి వీస్తుంది. అంతర్వేదికో ఓడలరేవుకో వెళ్లాలంటే తెల్లవారుతూనే బయలుదేరి, మధ్యాహ్నం ఆ గాలిని వీపున పెట్టుకుని తిరిగి రావాలి. శీతకాలంలో ఈశాన్యపు గాలి కనుక కాకినాడ వైపు నుంచి నరసాపురం వైపు తొక్కడం సుఖం.

నాలుగోది పంటల క్యాలెండరు. వేసవిలో దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. పూడిక తీసి ఆ మట్టిని గట్టు మీదే పోస్తారు. వరదల నెలల్లో రేవుల్లో నది దాటించే పంట్లు ఆగిపోతాయి. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం, తుపాను కబురు మాత్రం వింటూ ఉండాలి. అప్పుడే సార్వా కోతలు కూడా. రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. అక్కడ సైకిలు దిగి నడిపించుకుపోవాలి. చక్రం ఎక్కిస్తే కింద గింజ నలుగుతుంది, పైన మనిషి జారతాడు. రైతు ఆరు నెలల కష్టం ఆ రాళ్ల లోపల ఉందన్న ఎరుక యాత్రికుడికి ఉండి తీరాలి.

సైకిలు ఖరీదైనదే కానక్కర్లేదు. నేల చదును కనుక గేర్లు లేని మామూలు సైకిలైనా సరే. టైరు కాస్త వెడల్పుగా ఉంటే గ్రావెల్ మీద నిలుస్తుంది. తుమ్మముళ్లు, పల్లేరుకాయలు గట్ల మీద మామూలే, కాబట్టి ఒక ట్యూబు, పంపు, పంక్చరు సామాను వెంట ఉండాలి. బరువు ఎలా కట్టాలో బొండాలమ్మేవాళ్లను చూసి నేర్చుకోవచ్చు. గెలలను క్యారియర్‌కు రెండు పక్కలా సమంగా, ఇరుసు దగ్గరగా వేలాడదీస్తారు. అందుకే అంత బరువుతోనూ హ్యాండిల్ ఊగదు. వెలోసియో అన్న కలం పేరుతో ఫ్రాన్సులో సైకిల్ యాత్రకు ప్రచారం చేసిన పాల్ ద వివీ (1853–1930) ఆకలి కాకముందే తినాలని, దాహం వేయకముందే తాగాలని నియమం పెట్టాడు. మన ఉక్కపోతకు అది మరీ అవసరం. మజ్జిగ, బొండం నీళ్లు అడుగడుగునా దొరికే చోట దాన్ని పాటించడం కష్టమేమీ కాదు.

ఇక దారి. పంచారామాల్లో నాలుగు గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి: సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం. కార్తీకంలో బస్సులు ఒక్క రోజులో చుట్టేసే ఈ క్షేత్రాలను సైకిలు మీద తాపీగా చూడాలి. సామర్లకోటలో మొదలుపెడితే ఈశాన్యపు గాలి వీపున ఉంటుంది. రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం, అక్కణ్ణుంచి కోటిపల్లి రేవు. అక్కడ గోదావరి పాయ గౌతమిని పంటు మీద దాటాలి. మోటారు సైకిళ్లూ, బుట్టలూ, మనుషులూ సర్దుకున్నాక మన సైకిలుకు అంచున చోటు దొరుకుతుంది. స్టాండు వేసి వదిలేయకూడదు, హ్యాండిల్ పట్టుకునే నిలబడాలి. పంటు అవతలి గట్టుకు తగిలేటప్పుడు వచ్చే కుదుపుకు ముందు పడేది సైకిలే.

ముక్తేశ్వరంలో దిగి అమలాపురం, అంబాజీపేట. పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలకు అక్కడ ఆగాల్సిందే. తర్వాత పి.గన్నవరం. వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించడానికి కాటన్ కాలంలో 49 కమానులతో అక్విడెక్టు కట్టారు. కింద నది, పైన కాలువ. ఆ పని వల్లనే అవతలి లంకకు నీళ్లందాయి. రాజోలు, దిండి దాటి చించినాడ వంతెన మీద వశిష్ఠ పాయను దాటితే పాలకొల్లు, ఆపైన భీమవరం. అక్కడికి కొబ్బరి తోటలు పలచబడి చేపల చెరువులు మొదలవుతాయి. ఒకే డెల్టాలో నేల, నీరు, బతుకు మారే తీరు పెడలు తొక్కే వేగంలో తప్ప ఇంత స్పష్టంగా పట్టుబడదు.

ఈ దారులకు కావలసింది పెద్ద ఖర్చు కాదు. వంతెన వంతెనకూ ఒక బోర్డు ఉండాలి: ఏ గట్టు బాగుంది, వచ్చే లాకులు ఎంత దూరం, తాగునీరు ఎక్కడ. కాలువల పక్కనున్న జలవనరుల శాఖ పాత బంగళాలను రాత్రి బసకు తెరవాలి. రోడ్డు వెడల్పు పేరుతో గట్టు చెట్లను కొట్టకూడదు. ఆ నీడ పోతే పగటిపూట యాత్రే ఉండదు. ఊరూరా ఆగే యాత్రికుడి డబ్బు టిఫిను కొట్టుకూ, పంక్చరు షాపుకూ, ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ఇల్లాలికీ చేరుతుంది.

అంతకంటే పెద్ద లాభం కాలువకు. గట్టు మీద మనుషులు తిరుగుతుంటే గండి పడబోయే చోటు ముందే కంటపడుతుంది. చెత్త పోసేవాళ్లూ, గట్టును ఆక్రమించేవాళ్లూ జంకుతారు. డెల్టా అన్నం ఆ కాలువల మీదే ఆధారపడి ఉంది. ఆనకట్ట నుంచి ఆఖరి పొలం దాకా ఒక్క కాలువనైనా సైకిలు మీద చూసినవాళ్లు దాని బాగోగుల గురించి గ్రామసభలో మాట్లాడగలరు. ఈ కార్తీకంలో మీ ఊరి కాలువతోనే మొదలుపెట్టండి.