దీమం

మా తాత కత్తి తీశాడంటే పిల్లలమంతా అరుగు మీద చేరేవాళ్లం. గురజాల పక్క మా ఊరి చెరువులో జీలుగు బెండు దొరికేది. దాన్ని ఎండబెట్టి, తోలు గీకి, తెల్లటి బెండులోంచి బాతును తీసేవాడు. పదును తగ్గిన కత్తికి బెండు తెగదు, పొట్టుపొట్టుగా రాలిపోతుంది. అందుకే నాలుగు కోతలకోసారి కత్తిని రాతి మీద నూరేవాడు. మెడ వేరే ముక్క; వెదురు పుల్లతో ఒంటికి గుచ్చేవాడు. కళ్లకు గురివింద గింజలు. నీళ్లలో వదిలితే గాలికి బోర్లాపడేది. అడుగున గులకరాయి కట్టాక నిలదొక్కుకుని తేలేది.

"ముందు బాతును చూడండ్రా, బెండు తర్వాత ముట్టుకుందురు గాని" అనేవాడు.

ఆ చూపు ఆయనకు వేటలో అబ్బింది. కుర్రతనంలో పెంపుడు కౌజును పంజరంలో పెట్టి పొదల పక్కన ఉంచేవాడట. దాని కూతకు అడవి కౌజు పోట్లాటకొచ్చి ఉచ్చులో పడేది. అలా ఎరగా పెట్టే పిట్టనే మన పెద్దలు దీమం అన్నారు.

చేత్తో చేసిన దీమాలూ ఉన్నాయి. అమెరికాలో నెవాడాలోని లవ్‌లాక్ గుహలో 1924లో రెల్లుతో కట్టిన బాతులు 11 దొరికాయి. వాటి వయసు సుమారు 2 వేల ఏళ్లు. తర్వాతి తరాలవాళ్లు కార్కుతో ఒళ్లు, కర్రతో తల చేసి, అడుగున సీసం బిగించి నీళ్లలో వదిలారు. మెరిసే రంగు వెయ్యరు, పక్షి బెదురుతుంది. బాతును కూడా నిమ్మళంగా కునుకు తీస్తున్నట్టు, ఈకలు సవరించుకుంటున్నట్టు చెక్కుతారు. బెదిరిన బాతు పక్కన మరో బాతు వాలదు. పక్షి మనసు తెలియనివాడు దీమం చెయ్యలేడు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) కింద మన దగ్గర ఇప్పుడు కౌజుల వేట నేరం. అది న్యాయమే. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో చెరువు మీద వాలే కొంగల్ని, గూడబాతుల్ని ఊరివాళ్లే కాచుకుంటున్నారు. వేట పోవడం మంచిదే కాని, దాంతోపాటు పిట్టను గంటలకొద్దీ చూసే ఓపిక కూడా పోయింది. నాకు బాధ అక్కడే. చంపడానికి నేర్చిన చూపే కాపాడటానికీ పనికొస్తుంది.

ఈ చలికాలం ఒక పొద్దున మీ పిల్లల్ని చెరువుగట్టుకు తీసుకెళ్లండి. బాతు మెడ ఎలా ముడుచుకుంటుందో చూడనివ్వండి. ఇంటికొచ్చాక వాళ్ల చేతికి ఒక బెండు ముక్క ఇవ్వండి.