పలక వెనక ప్రసాదగుణం

చక్రాల మీది ఇల్లైన ట్రావెల్ ట్రైలర్ అందం గురించి రాసినవాళ్ళు ఎక్కువమంది దాని ఒంటి దగ్గరే ఆగిపోయారు. ఆగడంలో తప్పు లేదు. వాలీ బయమ్ 1930ల్లో మొదలుపెట్టిన ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్ల అల్యూమినియం తళుకు, గుండ్రటి భుజాలు, వరస తప్పని రివెట్లు చూస్తే ఎవరైనా ఆగుతారు. న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం 1963 నాటి బాంబీ మోడల్‌ని తన సేకరణలో పెట్టుకుంది కూడా. కానీ ట్రైలర్‌లో కాపురం ఒంటి మెరుపుతో సాగదు. కుళాయి తిప్పితే నీళ్ళు రావాలి, వాడిన నీళ్ళు పోవాలి, మంచు పడేముందు గొట్టాలన్నీ ఖాళీ కావాలి. ఆ పనంతా నడిపించే చోటు ఒకటుంది. తలుపెత్తి, మోకాళ్ళ మీద వంగి, టార్చి వేసుకుంటే గాని కనపడదు. ఆ చోటుకీ రసవిమర్శ రాయవచ్చని నా పట్టు.

మా పెద్ద తోడల్లుడుగారు ఒహాయోలో, కొలంబస్ శివార్లలో ఉంటారు. ఒకరు వాడి అమ్మేసిన ట్రైలర్ కొని, దాని ప్లంబింగునీ ముందువైపు సామాను అరనీ పూర్తిగా విప్పి మళ్ళీ కట్టుకున్నారు. పద్యం కట్టడం అంటామే, ఆ అర్థంలోనే ఈ మాట వాడుతున్నాను.

ముందు పాత పాఠం చూడాలి. ట్రైలర్ ముక్కు దగ్గర, మంచం కింద, ఈ పక్క తలుపు నుంచి ఆ పక్క తలుపు దాకా అడ్డం లేకుండా సాగే అర అది. కుర్చీలు, గొట్టపు చుట్టలు, బొగ్గుల పొయ్యి, కరెంటు తీగలు అన్నీ అందులోకే పోతాయి. ఆ అర వెనకగోడకి ఒక పల్చటి పలక, దానికి అడ్డదిడ్డంగా కొట్టిన స్క్రూలు. పలక ఊడదీస్తే ఫ్యాక్టరీవాళ్ళ తొందరంతా బయటపడింది: ఊడ్చకుండా వదిలేసిన రంపపు పొట్టు, గొట్టం సన్నంగానే ఉన్నా పిడికిలి పట్టేంత కోసిన కంతలు, ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో తెలియకుండా ఒకదాని మీద ఒకటి పడుకున్న గొట్టాలు. నీటిని వేడిచేసే టాంకు వెనకభాగం కూడా అక్కడికే వస్తుంది. దాని వాల్వులు తిప్పాలంటే చెయ్యి మోచేతి దాకా దూర్చి, కళ్ళు మూసుకుని తడుముకోవాలి. నీళ్ళు వచ్చేవి, పోయేవి. పని జరుగుతోంది కదా అంటే జరుగుతోంది. అర్థం తెలుస్తున్నా అన్వయం కుదరని వాక్యాలుంటాయి, ఇది ఆ జాతిది.

ఇప్పుడు కొత్త పాఠం. పాత పలక లేదు, దాని జాగాలో ఒక మందపాటి ప్లైవుడ్ బల్ల నిలబడి ఉంది. దానికి తెల్లరంగు వేసి, దాని మీదే మొత్తం నీటి వ్యవస్థని ఎక్కించారు. ఎడమవైపు పంపు, మధ్యలో చన్నీళ్ళూ వేణ్ణీళ్ళూ పంచే గొట్టాలు, కుడివైపు హీటరు వాల్వులు. చన్నీళ్ళకి నీలం, వేణ్ణీళ్ళకి ఎరుపు. గొట్టాలు అడ్డంగానో నిలువుగానో మాత్రమే సాగుతాయి, ఐమూలగా ఒక్కటీ పోదు. ఒకదాన్నొకటి దాటే చోట్లు కూడా ఎంచి పెట్టినవే. ముందెన్నడూ చూడనివాడు కూడా టాంకు దగ్గర చూపు పెడితే ఆ చూపే నీటితో పాటు నడిచి షవరు దాకా వెళుతుంది. ఆలంకారికులు ప్రసాదగుణం అన్నది దీన్నే. మమ్మటుడు ఆ గుణాన్ని వివరిస్తూ ఎండుకట్టెలో పాకే నిప్పునీ, తేటనీటినీ ఉపమానంగా తెచ్చాడు. చదవగానే అర్థం మనసంతా పరుచుకోవాలి. ఇక్కడ ఉపమానమే ప్రస్తుత వస్తువైపోయింది.

గొట్టాల గురించి కాసేపు మాట్లాడుకోవాలి, ఎందుకంటే రచనకి పదజాలం ఎలాగో ఈ పనికి అవి అలాగ. 1970ల చివర నుంచి 1990ల మధ్య దాకా అమెరికాలో ఇళ్ళకీ ట్రైలర్లకీ పాలీబ్యుటిలీన్ గొట్టాలు విరివిగా వాడారు. బూడిదరంగువి. చవక, తేలిక, వంచితే వంగేవి. మున్సిపల్ నీటిలోని క్లోరిన్ వాటిని మెల్లగా లోపలినుంచి పెళుసు చేసింది. పైకి ఏమీ తెలియదు, ఒకరోజు పగిలిపోతుంది. దావాలు నడిచాయి, ఆ గొట్టం మార్కెట్ నుంచి తప్పుకుంది. ఇప్పుడు రాజ్యమేలుతున్నది పెక్స్. పాలిథీన్ అణువుల గొలుసుల్ని ఒకదానికొకటి అడ్డంగా ముడివేసి చేసేది. ఇందులో ఒక రకానికి జాయింటు వేసే పద్ధతి చూసి తీరాలి. గొట్టం కొసనీ, దాని మీద తొడిగిన రింగునీ కలిపి ఒక పనిముట్టుతో సాగదీస్తారు. సాగిన నోట్లో ఇత్తడి ఫిట్టింగు గబుక్కున దూరుస్తారు. అంతే, ఇక బిగించేది లేదు. గొట్టం తన పాత కొలత గుర్తుకు తెచ్చుకున్నట్టు కొన్ని క్షణాల్లో ముడుచుకుని ఫిట్టింగుని పట్టేస్తుంది. చలిగా ఉంటే ఇంకొంచెం సేపు తీసుకుంటుంది. మనిషి చేసేదల్లా సాగదీసి వదిలేయడం, పట్టు ఆ పదార్థం స్వభావంలోంచే వస్తుంది. అలంకారం పైనుంచి అతికించినట్టు కాకుండా వస్తువులోంచే పుట్టాలని కవిత్వానికి చెబుతాం. ఇక్కడ ఆ సిద్ధాంతం చేతికి తగులుతుంది.

మొత్తం పనికి ప్రాణం మాత్రం కుడివైపు మూల మూడు బాల్ వాల్వులు. ఇక్కడ ఆగి చూడాలి.

హీటరు టాంకుకి కింద చన్నీటి గొట్టం అడ్డంగా వచ్చి చేరుతుంది. పైన వేణ్ణీటి గొట్టం అడ్డంగా బయటికి పోతుంది. ఈ రెంటినీ టాంకుకి ఇవతల కలుపుతూ ఒక నిలువు గొట్టం, దాన్ని బైపాస్ అంటారు. మూడింటికీ ఒక్కొక్క వాల్వు. బాల్ వాల్వుకి ఒక నిజాయితీ ఉంది. పిడి గొట్టం వెంబడి ఉంటే తెరిచినట్టు, గొట్టానికి అడ్డంగా ఉంటే మూసినట్టు. మన ఇళ్ళ మేడమీద టాంకు దగ్గరుండే గేట్ వాల్వు చక్రం ఆ మాట చెప్పదు. అది తెరిచి ఉందో మూసి ఉందో తిప్పి చూస్తే గాని తెలియదు.

వేసవిలో నీళ్ళు హీటరులోకి వెళ్ళాలి. కింది వాల్వు తెరవాలి, పై వాల్వు తెరవాలి, మధ్యలో నిలువు గొట్టం మూయాలి. అడ్డపు గొట్టాలు తెరిస్తే పిడులు అడ్డంగా ఉంటాయి. నిలువు గొట్టం మూస్తే దాని పిడీ అడ్డంగానే ఉంటుంది. చలికాలం వచ్చేసరికి ట్రైలర్ గొట్టాల్లో గులాబీరంగు యాంటీఫ్రీజ్ ఎక్కిస్తారు. నీళ్ళు గడ్డకడితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. పెక్స్ కొంత సాగి తట్టుకున్నా వాల్వులు, ఫిట్టింగులు, పంపు తల పగులుతాయి. అందుకు ఈ ద్రవం. కానీ 6 గ్యాలన్ల హీటరు టాంకుని దాంతో నింపడం దండగ. టాంకు ఖాళీ చేసి, ద్రవం దాన్ని తప్పించుకుని బైపాస్‌లోంచి పోయేలా చేయాలి. అంటే పైదీ కిందిదీ మూయాలి, మధ్యది తెరవాలి. అడ్డపు గొట్టాలు మూస్తే పిడులు నిలువవుతాయి. నిలువు గొట్టం తెరిస్తే దాని పిడీ నిలువే.

వేసవిలో మూడూ పడుకుంటాయి, చలికాలంలో మూడూ లేచి నిలబడతాయి. వాటిలో ఒక్కటి తేడాగా ఉందంటే ఎక్కడో పొరపాటు జరిగిందన్నమాట, అది అరవకుండానే కంటికి చెబుతుంది. గొట్టాల్ని ఇంకోలా వంచి ఉంటే ఈ సమత రాదు. రెండు అడ్డం, ఒకటి నిలువు అనే ఆ అమరికలోంచే వచ్చింది. ప్లంబింగు తెలిసిన చేతికి జ్యామితి కూడా వచ్చి ఉండటం వల్ల ఋతువు పేరు వాల్వు పిడుల్లో కనపడుతోంది. ఇంత చిన్న జాగాలో ఇంత ధ్వని పట్టించడం మామూలు నేర్పు కాదు.

ఎడమవైపు పంపులో ఉన్న సొగసు కంటికి కాదు, చెవికి. 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు అది. నిమిషానికి 3 గ్యాలన్లు, అంటే సుమారు 11 లీటర్లు తోడుతుంది. ఈ రకం పంపు నీటిని ఒక్క ధారగా తోయదు, తెరలు తెరలుగా తోస్తుంది. ఆ దడ గట్టి గొట్టంలోకి పాకి, గొట్టం చెక్కని కొట్టి, అర్ధరాత్రి ఎవరైనా చెయ్యి కడుక్కుంటే ట్రైలరంతా లేస్తుంది. తోడల్లుడుగారు పంపుకి అటూ ఇటూ మెత్తటి అల్లిక గొట్టం ఒక్కొక్క మలుపు తిప్పి వేశారు. పంపు పాదాల కింద రబ్బరు పెట్టారు. తర్వాత ఒక చిన్న అక్యుములేటరు. దాని లోపల పొరకి ఒకవైపు గాలి, ఒకవైపు నీళ్ళు ఉంటాయి. కుళాయి కొంచెం తిప్పితే ముందు ఆ గాలి తోసిన నీళ్ళే వస్తాయి, పంపు ఉలిక్కిపడి లేవదు. మలుపు తిరిగిన ఆ మెత్తటి గొట్టం మొదట చూసినప్పుడు అన్ని తిన్నటి గీతల మధ్య అపస్వరంలా అనిపిస్తుంది. పంపు నడుస్తుండగా దాని మీద చెయ్యి పెడితే తెలుస్తుంది, దడంతా అక్కడే ఆగిపోతోందని. ఆ వంపు లేకపోతే మిగతా తిన్నదనం నిలవదు.

ఇక సామాను సంగతి. నీటికీ సామానుకీ పడదు. కుర్చీ కాలు తగిలి ఫిట్టింగు కదిలితే కింద నేలంతా నానుతుంది, ప్లైవుడ్ పొంగుతుంది. అందుకే బల్లకి ముందు పారదర్శకమైన పాలికార్బొనేట్ పలక ఒకటి, చేత్తో తిప్పే మరలతో బిగించి ఉంది. సామాను దాన్ని దాటదు, చూపు దాటుతుంది. నేలకి ఎపాక్సీ పూత, పంపు కింద పల్చటి పళ్ళెం, అందులో తడి తగిలితే కూతపెట్టే చిన్న పరికరం. గోడ వెంబడి అల్యూమినియం పట్టాలు, వాటిలో జరిపి బిగించుకునే కొక్కేలు. ఆ అర తలుపు తాళాలు కూడా మార్చేశారు. అమెరికాలో ఎన్నో ట్రైలర్ల సామాను అరలకి సి.హెచ్. 751 అనే ఒకే తాళంచెవి పడుతుంది మరి.

ఏ వస్తువు ఎక్కడ అన్నది ఇక్కడ అభిరుచికి వదిలేసిన విషయం కాదు. ట్రైలర్‌ని బండికి తగిలించే హిచ్ మీద పడే బరువు మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. తగ్గితే హైవే మీద వెనక ట్రైలర్ ఊగుతుంది, మరీ పెరిగితే లాగే బండి వెనకభాగం కుంగుతుంది. ఈ అర ఉన్నది సరిగ్గా ముక్కు దగ్గర, ఇందులో పెట్టిన ప్రతిదీ హిచ్ మీదే ఎక్కువ పడుతుంది. గ్యాలను నీళ్ళు 8.34 పౌండ్లు. 40 గ్యాలన్ల టాంకు నిండితే 330 పౌండ్లు దాటుతుంది, అంటే సుమారు 150 కిలోలు. టాంకు ఇరుసుకి ముందుందో వెనకుందో దాన్నిబట్టి లెక్క మారిపోతుంది. మొలనూలు మెడకీ, హారం నడుముకీ వేసుకుంటే జనం నవ్వుతారని క్షేమేంద్రుడు ఔచిత్యం గురించి చెప్పాడు. ఇక్కడ ఔచిత్యం తప్పితే నవ్వడానికి ఎవరూ మిగలకపోవచ్చు. ఇనప పనిముట్ల పెట్టె ఇరుసు దగ్గరికి పోయి, మడత కుర్చీలు మాత్రమే ముందు అరలో ఉండటం వెనక ఆ లెక్క ఉంది.

గుణాలు చెప్పి దోషాలు దాచితే విమర్శ కాదు. అర పైఅంచున నీలం కాంతి ఎల్‌ఈడీ పట్టీ ఒకటి అతికించారు. నీలం వెలుగులో ఎర్ర గొట్టం ఎర్రగా కనపడదు, నల్లబడిపోతుంది. పనినంతా రంగుల మీద నిలబెట్టి, ఆ రంగుల్నే మింగేసే దీపం పెట్టడం అనౌచిత్యం. తెల్ల దీపం ఒక్కటి చాలు. రెండోది, ప్రతి వాల్వు పక్కనా అంటించిన చీటీలు. రంగు చెబుతోంది, పిడి చెబుతోంది, మళ్ళీ అక్షరాలు ఎందుకు? పునరుక్తి దోషం అన్నాను.

వదినగారు ఒప్పుకోలేదు. “మరిదిగారూ, మీరు గంటసేపు చూశారు కాబట్టి మీకు తెలుస్తోంది. మీ అన్నయ్య ఊళ్ళో లేనప్పుడు మంచు ముంచుకొస్తే వచ్చి తిప్పేది నేను. నాకు చీటీ కావాలి” అన్నారు. తోడల్లుడుగారు నవ్వుతూ, “పాఠకులు రకరకాలు ఉంటారయ్యా” అని ఊరుకున్నారు. చీటీలు చిన్నవిగా ఉండొచ్చని నేనంటాను, అక్షరాలు ఇంకా పెద్దవి కావాలని ఆవిడంటారు. వాదం తెగలేదు. ఇద్దరం అడుగుతున్నది ఒకటే, వచ్చినవాడికి చూడగానే తెలియాలని. ఎవరు వస్తారన్న దగ్గరే పేచీ.

ఈ పేచీ హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో అసలు పుట్టదు, ఎందుకంటే అక్కడ చూడటానికే ఏమీ ఉండదు. గొట్టాలన్నీ గోడల్లో, టైల్స్ కింద పూడ్చేస్తాం, దాన్నే నీటుతనం అంటాం. పై ఫ్లాటు లీకు కింది ఫ్లాటు బాత్రూం కప్పు మీద మరకై తేలేదాకా ఎవరికీ తెలియదు. తర్వాత ప్లంబరు వచ్చి, ఎక్కడుందో తెలియని జాయింటు కోసం టైల్స్ ఒక్కొక్కటే పగలగొడతాడు. దాచడం వేరు, తీర్చిదిద్దడం వేరు. ట్రైలర్ కదిలే ఇల్లు కాబట్టి, దారిపొడవునా కుదుపులు తింటుంది కాబట్టి, దాని ప్లంబింగు అందుబాటులో ఉండక తప్పదు. ఆ తప్పనిసరినే ఈ మనిషి అందంగా మలిచాడు. కదలని ఇంటికి ఆ బలవంతం లేదు, అందుకే బద్ధకించాం. ఈసారి ఫ్లాటు చూడ్డానికి వెళితే లాబీలో పాలరాయి సంగతి తర్వాత చూసుకుంటాను. ముందు గొట్టాల డక్టు తలుపు తీసి చూపించమంటాను. తలుపే లేదంటే బేరం అక్కడితో సరి.