రేటు దొరకని మీటర్లు

భివండీలో సాంచ (మరమగ్గం) నడిపేవాళ్లలో చాలామందికి నెల జీతం ఉండదు. నేసినన్ని మీటర్లకే పగారు, అదీ సాధారణంగా పదిహేను రోజులకోసారి. అంజూర్ ఫాటా నుంచి పద్మానగర్ దాకా, కరీంనగర్, నల్లగొండ, పాలమూరు నుంచి వచ్చి స్థిరపడ్డ మనవాళ్లను ఎవరిని కదిలించినా ఈ లెక్క నోటి మీదే ఉంటుంది. కార్ఖానాలో దాన్ని రాసేవాడు మెహతాజీ. కొన్ని చిన్న కార్ఖానాల పగారు కంప్యూటర్లో చూసే నేనూ ఆ లెక్కన మెహతాజీనే.

నా పనికి ఆధారం రెండు పట్టికలు. ఒకటి ఉత్పత్తిది: ఏ తేదీన, ఎవరు, ఏ క్వాలిటీ, ఎన్ని మీటర్లు. రెండోది రేట్లది: ఏ క్వాలిటీకి మీటరుకు ఎంత. మొదటి దాంట్లో డబ్బు లేదు, రెండో దాంట్లో మనిషి లేడు. క్వాలిటీ పేరు పట్టుకుని రెండింటినీ కలిపి, మీటర్లను రేటుతో గుణిస్తేనే పగారు తేలుతుంది. ఒక్కో సంగతిని ఒక్కచోటే రాసిపెట్టి, అవసరమైనప్పుడు కలుపుకునే ఈ పద్ధతికి పునాది 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ రాసిన వ్యాసం. కంప్యూటర్ వాళ్లు ఈ కలపడాన్ని జాయిన్ అంటారు.

రేటు క్వాలిటీని బట్టి మారడానికి కారణం పిక్కు, అంటే అడ్డంగా పడే ఒక్కో పేక పోగు. అంగుళానికి 40 పిక్కుల గుడ్డయితే మీటరుకు సుమారు 1,575 పేక పోగులు పడాలి. 52 పిక్కులదైతే 2,047. నిమిషానికి 120 పిక్కులు వేసే సాంచ మీద మొదటిదానికి 13 నిమిషాలు, రెండోదానికి 17. అంటే 52 పిక్కుల గుడ్డకు 40 పిక్కుల రేటు తగిలితే, ప్రతి మీటరుకూ నాలుగు నిమిషాల కష్టం ఊరికే పోయినట్టే.

మామూలు జాయిన్‌కు ఒక గుణం ఉంది. జత దొరకని వరుసను చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. సేటు, అంటే కార్ఖానా యజమాని, కొత్త క్వాలిటీ బీము ఎక్కిస్తాడు, రేటు ఇంకా తెగదు. ఆ మీటర్లు పగారు షీటులోకే రావు. ఒకచోట 'కేంబ్రిక్ 52' అనీ, ఇంకోచోట '52 కేంబ్రిక్' అనీ రాసి ఉన్నా అంతే. కింద కూడిక మాత్రం చక్కగా కుదురుతుంది. అందుకే నేను లెఫ్ట్ జాయిన్ వాడతాను. అది ఉత్పత్తి వరుసలన్నిటినీ ఉంచి, రేటు లేనిచోట ఖాళీ చూపిస్తుంది. ముందు ఆ ఖాళీలు చూసి, తర్వాతే మొత్తం చూస్తాను. ఎక్సెల్లో వీలుకప్ వాడేవాళ్లు చివర 'ఫాల్స్' అని రాయకపోతే ఇంకా ప్రమాదం. అది సరిగ్గా సరిపోయే రేటు దొరక్కపోయినా వేరే రేటేదో తెచ్చి పెట్టగలదు. ఖాళీ అయితే కంటికి కనిపిస్తుంది, తప్పుడు రేటు కనిపించదు.

దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. రేటు పెరిగిందని పాత వరుస కింద కొత్త వరుస రాస్తారు. పేరొక్కటే చూసి కలిపితే 200 మీటర్లు రెండు రేట్లకూ జతపడి 400 అవుతాయి. అందుకని రేట్ల పట్టికలో 'ఏ తేదీ నుంచి' అన్న గడి ఉండి తీరాలి. ఖర్చీ, అంటే ముందుగా తీసుకున్న డబ్బు, ఇంకా చిక్కు. ఒకతనికి 12 ఉత్పత్తి వరుసలు, 3 ఖర్చీ వరుసలు ఉంటే, నేరుగా కలిపినప్పుడు 36 వరుసలు పుడతాయి. ఒక్కో ఖర్చీ 12 సార్లు కోత పడుతుంది. ముందు దేనికది విడిగా కూడి, మనిషికి ఒక్క వరుస చేసి, ఆ తర్వాతే కలపాలి. అదీ పేరుతో కాదు, నంబరుతో. ఒకే కార్ఖానాలో ఇద్దరు శ్రీనివాస్‌లు ఉండటం మన దగ్గర వింతేమీ కాదు.

పగారు ఎక్కువ పడితే సేటు ఆ పూటే పట్టుకుంటాడు. తక్కువ పడితే పట్టుకోవాల్సినవాడు కార్మికుడు. అతని చేతికొచ్చేది ఒక్క మొత్తం అంకె. జేబు డైరీలో మీటర్లు రాసుకున్నా, ఏ మీటర్లకు ఏ రేటు కట్టారో తెలియకుండా దేంతో సరిచూసుకుంటాడు?

యజమాని పగారు చీటీ ఇవ్వాలని 2019 నాటి వేతనాల కోడ్ చెబుతోంది. సేట్లకు, తోటి మెహతాజీలకు నా మనవి ఒక్కటే. ఆ చీటీలో తేదీ, క్వాలిటీ, మీటర్లు, రేటు, రూపాయలు వరుసవారీగా అచ్చు వేయించండి. తెలుగు చదివేవాడికి తెలుగులోనే ఇవ్వండి. కలిపిన వరుసలు కంప్యూటర్లో ఎలాగూ ఉన్నాయి, అదనంగా అయ్యేది కాగితం ఖర్చే.