గబ్బిలంతో మాట్లాడేది ఎవరు?

జాషువా 'గబ్బిలం' (1941) కథానాయకుణ్ణి కేవలం దీనుడిగా, శివుడికి మొరపెట్టుకునే భక్తుడిగా పాఠం చెప్పడం మన తరగతి గదుల్లో అలవాటైపోయింది. అతని మాటల్నే సాక్ష్యంగా తీసుకుంటే ఈ వ్యాఖ్యానం నిలవదు. 'మేఘదూతం'లో యక్షుడు విరహంతో మేఘాన్ని పంపాడు. ఇతణ్ణి మాట్లాడించింది ఆకలి, అస్పృశ్యత. అందుకే తనకు ప్రవేశం లేని గుడిలోకి అడ్డులేకుండా పోగల జీవిని ఎన్నుకున్నాడు. పైగా, పూజారి లేని వేళ చూసి శివుడితో చెప్పమంటాడు. ఈ జాగ్రత్తను గమనించాలి. దేవుడికీ తనకూ మధ్య అడ్డం నిలిచిన అధికారం ఎవరిదో అతనికి స్పష్టంగా తెలుసు. దుఃఖంలోనూ అతని వివేచన చెదరలేదు. పద్యంలో మాట్లాడే మనిషిని కవితో కలిపేసి, 'జాషువా ఆవేదన' అని సరిపెట్టే విమర్శకు ఈ వివేచన కనిపించదు. అప్పుడు ప్రశ్నించే మనిషి పోయి, జాలిపడదగ్గ మనిషే మిగులుతాడు.