ఏలిక మెచ్చిన వెక్కిరింత: ఆఫెన్‌బాక్ ఆపెరెట్టాలు

తనను వెక్కిరించే నాటకాన్ని ఏలిక స్వయంగా వచ్చి చూసి, నవ్వి, కర్తకు బిరుదిచ్చి పంపితే ఆ వెక్కిరింతకు విలువ ఏమిటి? ఏలిక నవ్వాడు గనక అందులో పస లేదని కొందరంటారు. కళకు ఈ లెక్కలు అక్కర్లేదు, నవ్వించిందా లేదా అన్నదే ప్రశ్న అని మరికొందరంటారు. ఈ రెండు తీర్పులూ తొందరపాటువే అని నా అభిప్రాయం. ప్రహసనం గురించి పాఠం చెప్పవలసివచ్చినప్పుడల్లా నాకీ ప్రశ్న ఎదురవుతూనే ఉన్నది. దీన్ని తేల్చుకోవడానికి పందొమ్మిదో శతాబ్దపు పారిస్‌లో ఆపెరెట్టాకు ప్రాణం పోసిన జాక్ ఆఫెన్‌బాక్ కంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ఆపెరా గంభీరమైన సంగీత నాటకం. ఆపెరెట్టా దాని అల్లరి చెల్లెలు; పాటా మాటా ఆటా కలిసిన హాస్యనాటకం. దాన్ని పారిస్ నెత్తికెక్కించుకునేట్టు చేసినవాడు పుట్టుకచేత ఫ్రెంచివాడు కాడు. 1819లో జర్మనీలోని కొలోన్ నగరంలో, యూదుల ప్రార్థనామందిరంలో పాడే గాయకుడికి కొడుకుగా పుట్టాడు. 1833లో, పద్నాలుగేళ్ళ వయసులో, తండ్రి అతన్ని పారిస్ తీసుకువచ్చాడు. విదేశీయులను చేర్చుకోరాదన్న నియమాన్ని పక్కనబెట్టి అక్కడి సంగీత కళాశాల అతన్ని చేర్చుకున్నది. అతను ఏడాది తిరిగేసరికి ఆ చదువు వదిలేసి, వాద్యబృందంలో చెల్లో వాయిస్తూ పొట్టపోసుకున్నాడు. స్వరకర్తగా తన రచనలను ఆడించమని పెద్ద నాటకశాలల గుమ్మాలు ఎక్కి దిగాడు. దాదాపు ఎవరూ ఆడించలేదు. 1855లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరుగుతున్నప్పుడు దానికి దగ్గరలో ఒక చిన్న హాలు తీసుకుని, బూఫ్ పారీజియెన్ అనే పేరుతో సొంత నాటకశాల తెరిచాడు.

ఆ కాలంలో నాటకశాల నడపాలంటే ప్రభుత్వపు లైసెన్సు కావాలి. ఎవరు ఏ రకం నాటకం ఆడాలో, ఎంతమంది పాత్రలుండాలో లైసెన్సే చెబుతుంది. ఆఫెన్‌బాక్‌కు మొదట ముగ్గురు పాత్రధారులకే అనుమతి; తర్వాత నలుగురయారు. 1857లో ఆడిన ‘క్రోక్‌ఫేర్’లో ఆయనకు అయిదో పాత్ర కావలసివచ్చింది. పాడే పాత్ర అయిదోది ఉండటానికి వీల్లేదు. అంచేత నాలుక తెగిన వీరుణ్ణి ఒకణ్ణి రంగం మీదికి తెచ్చాడు. వాడు మాట్లాడడు, పాడడు. చెప్పవలసింది అట్టల మీద రాసి చూపిస్తాడు. సర్కారు నిబంధనను అక్షరాలా పాటించి, ఆ పాటించడంలోనే దాన్ని నవ్వులపాలు చేశాడన్నమాట. ఆఫెన్‌బాక్ కళంతా బీజరూపంలో ఇక్కడే ఉన్నది.

1858లో ‘నరకంలో ఆర్ఫియస్’ వచ్చింది. భార్య యూరిడిసీ కోసం యమలోకానికి వెళ్ళిన గాయకుడి కథ ఐరోపాకు పూజనీయమైనది. ఆఫెన్‌బాక్ ఆర్ఫియస్‌కు భార్య అంటే గిట్టదు. ఆమెకూ అతని ఫిడేలంటే గిట్టదు. ఆమె పోయినందుకు అతను సంతోషిస్తాడు. కాని ‘ప్రజాభిప్రాయం’ అనే పాత్ర ఒకటి వచ్చి, లోకమర్యాద కోసం భార్యను తెచ్చుకోవలసిందేనని అతన్ని తరుముతుంది. దేవతల సభలో అతను అదే విషయంపై గ్లూక్ రాసిన సుప్రసిద్ధ విలాపగీతం ఎత్తుకుంటాడు. బాణీ పరమపవిత్రం; పాడేవాడికి మట్టుకు అందులో ఒక్క ముక్క మీదా నమ్మకం లేదు. ఈ ఒక్క సన్నివేశం చాలు, సంగీతమే విమర్శ కావడమంటే ఏమిటో తెలుసుకోవడానికి.

దేవలోకం సంగతి మరీ విచిత్రం. పరువు కాపాడుకోమని అందరికీ బోధించే జూపిటర్ ప్రేమవ్యవహారాలను దేవతలే ఏకరువు పెడతారు. రోజూ అమృతమే తాగితాగి విసిగిన దేవతలు తిరగబడతారు. ఆ తిరుగుబాటు పాటలో మార్సెయేజ్ బాణీ వినపడుతుంది. మూడో నెపోలియన్ ఏలుబడిలో బయట పాడనివ్వని విప్లవగీతం అది! అయితే తిరుగుబాటు ఎట్లా ముగిసింది? జూపిటర్ వాళ్ళందరినీ నరకానికి విహారయాత్ర తీసుకుపోతానన్నాడు. విప్లవం కాస్తా వనభోజనమై చల్లారింది.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. 1851లో కుట్రతో అధికారం చేజిక్కించుకుని మరుసటేడు చక్రవర్తి అయిన మూడో నెపోలియన్ కూడా తన పాలనను ఇట్లాంటి సంబరాల మీదనే నడిపాడు. 1855, 1867 ప్రపంచ ప్రదర్శనలూ, సైన్యాల కవాతులూ, కొత్త రాజవీధులూ అన్నీ కళ్ళు చెదరగొట్టడానికే. వినోదంతో జనాన్ని లొంగదీసుకునే ఏలుబడి రహస్యాన్ని ఆఫెన్‌బాక్ వినోదంగానే బయటపెట్టాడు. పురాణాన్ని అపవిత్రం చేశాడని విమర్శకుడు జూల్ జానిన్ పత్రికలో మండిపడితే, ఆ మంటకు జనం మరింతమంది వచ్చారు. జానిన్‌కు కనపడినది గ్రీకు దేవతలకు జరిగిన అపచారం మాత్రమే.

ఇక రెండో పక్షం వాదన కూడా వినాలి. చక్రవర్తి కోపగించుకోలేదు. 1860లో ఆఫెన్‌బాక్‌కు ఫ్రెంచి పౌరసత్వం ఇప్పించాడు. మరుసటేడు లెజియన్ ఆఫ్ ఆనర్ బిరుదు వచ్చింది. చక్రవర్తికి సవతి తమ్ముడూ, ఆ కుట్రకు సూత్రధారుల్లో ఒకడూ అయిన డ్యూక్ ద మోర్నీ మారుపేరుతో ఆఫెన్‌బాక్‌కు నాటకమే రాసిపెట్టాడు. 1867లో ‘గెరోల్‌స్టైన్ గ్రాండ్ డచెస్’ వచ్చింది. రాణికి పొద్దుపోవడం లేదని మంత్రి యుద్ధం తెస్తాడు. ఆమె కంటికి నచ్చిన మామూలు సిపాయి క్షణాలమీద సేనాపతి అవుతాడు, శత్రువులకు పూటుగా తాగబోసి గెలుస్తాడు, ఆమె మోజు తీరగానే మళ్ళీ సిపాయి అవుతాడు. ఆ ఏడు ప్రదర్శనకు వచ్చిన రష్యా జారూ బిస్మార్కూ కూడా దీన్ని చూసి ఆనందించారు. మూడేళ్ళకు వాళ్ళలో ఒకరి సైన్యమే ఫ్రాన్సును ముట్టడించింది. ఏలికలు నవ్వినంతమాత్రాన ఫిరంగులు ఆగలేదు. ఈ నిజాన్ని దాటవెయ్యకూడదు.

నా దృష్టిలో ఆఫెన్‌బాక్ శక్తీ, పరిమితీ రెండూ స్పష్టంగా కనిపించే రచన 1868 నాటి ‘లా పెరికోల్’. కథ పెరూ దేశపు లీమా నగరంలోది. రాజప్రతినిధి పుట్టినరోజు నాడు జనం సంతోషంగా కనపడాలని అధికారులు సారా ఉచితంగా పోయిస్తారు. ప్రజల మనసు తెలుసుకోవాలని రాజప్రతినిధి మారువేషంలో వస్తాడు. మారువేషం సంగతి అందరికీ తెలుసు. అంచేత అందరూ బాగున్నామనే చెబుతారు. నిజం వినాలనే ఏలిక కోరికే ఒక తమాషా అయిపోతుంది.

ఆ సంబరంలోకి పెరికోల్, పికీయో అనే వీధిగాయకులు వస్తారు. పెళ్ళి చేసుకుందామంటే రుసుము కట్టడానికి డబ్బు లేదు. పాడితే ఎవరూ పైసా వెయ్యరు. ఆకలితో సోలిపోయిన పెరికోల్‌ను రాజప్రతినిధి చూసి కోటకు రమ్మంటాడు. అన్నం దొరుకుతుందని ఆమె ఒప్పుకుంటుంది. ప్రియుడికి ఉత్తరం రాస్తుంది: ప్రేమ పోలేదు, కాని ఖాళీ కడుపుతో ప్రేమ నిలవదు. అంతవరకూ గంతులు వేసిన సంగీతం ఇక్కడ నిదానిస్తుంది. ఈ ఉత్తరాన్ని ఆఫెన్‌బాక్ వెక్కిరింతగా స్వరపరచలేదు. దేవతలను, రాజులను, సేనాపతులను నవ్వులపాలు చేసిన మనిషి ఆకలిగొన్న ఆడదాని ముందు నవ్వు ఆపాడు. ఎవరిని చూసి నవ్వాలో, ఎవరిని చూసి నవ్వకూడదో తెలియడమే హాస్యకర్తకు శీలం. దేవిడీలలో ఆడిపాడే విదూషకుడికి అది ఉండదు, ఆఫెన్‌బాక్‌కు ఉన్నది.

మరి ముగింపు? మాట వినని మొగుళ్ళ కోసం ప్రత్యేకించిన చెరసాలలో పికీయోను పెడతారు. చివరకు రాజప్రతినిధి జాలిపడి ఇద్దరినీ వదిలేస్తాడు. పదేళ్ళకింద దేవతల తిరుగుబాటు విహారయాత్రతో ముగిసింది; ఇప్పుడు పేదల కష్టం ఏలినవారి దయతో ముగిసింది. ఆకలిని ఆయన చూశాడు. దాన్ని తీర్చే చెయ్యి మట్టుకు కోటలోనుంచే రావాలి. నాటకశాల నిండా కోటవాళ్ళే కూచున్నప్పుడు మరో ముగింపు ఆయన ఊహకు అందలేదు. ఆయన పరిమితి అక్కడ ఉన్నది, చక్రవర్తి ఇచ్చిన బిరుదులో కాదు.

1870 యుద్ధంలో సామ్రాజ్యం కూలింది. పారిస్ పత్రికలు ఆఫెన్‌బాక్‌ను జర్మనువాడన్నాయి. జర్మన్ పత్రికలు ద్రోహి అన్నాయి. సైన్యాన్ని పరిహసించిందని ‘గ్రాండ్ డచెస్’ను ఫ్రాన్సులో నిషేధించారు. నాటకశాల నడిపి దివాలా తీశాడు. అప్పుల బాధకు 1876లో అమెరికా వెళ్ళి కచేరీలు చేశాడు. తన గంభీర మహాకృతి ‘హాఫ్‌మన్ కథలు’ పూర్తికాకుండానే 1880 అక్టోబరులో పోయాడు. మరుసటి ఫిబ్రవరిలో అది రంగమెక్కింది.

వారసత్వం సంగతి ఆలోచించదగ్గది. 1875లో లండన్‌లో ‘లా పెరికోల్’కు తోడుగా ఆడటానికి రాయించిన చిన్న నాటకంతోనే గిల్బర్ట్, సలివన్‌ల జంట నిలదొక్కుకున్నది. వియన్నాలో కూడా ఆపెరెట్టా పెరిగింది, కాని ఎక్కువగా మేజోళ్ళూ మేడలూ వాల్ట్‌జులుగా పెరిగింది; కోరలు ఊడిపోయాయి. ఆర్ఫియస్‌లోని చివరి గంతుల బాణీ కాన్‌కాన్ నాట్యంగా లోకమంతా తెలుసు. అది నరకంలో దేవతలు ఆడిన ఆట అని చాలామందికి తెలియదు. నాజీలు మట్టుకు ఆఫెన్‌బాక్‌ను తేలిగ్గా తీసుకోలేదు. యూదుడన్న కారణంతో ఆయన సంగీతాన్ని జర్మనీలో నిషేధించారు. ఆ జర్మనీ విడిచి పారిస్ చేరిన జీగ్‌ఫ్రీడ్ క్రకౌవర్ 1937లో ఆఫెన్‌బాక్ మీద, ఆనాటి పారిస్ మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. నియంతల సంబరాలను కళ్ళారా చూసినవాడికి ఆ పాత నవ్వు పనికివచ్చింది.

కనక మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది. వెక్కిరింత సింహాసనాన్ని కూల్చదు. ఆ పని జనం చెయ్యాలి. కాని సింహాసనం మీది భయభక్తులను అది గుల్ల చేస్తుంది. ఏలిక నవ్వాడా లేదా అని కాదు మనం చూడవలసింది; నవ్వి లేచిన ప్రేక్షకుడికి తన కాలం అంతకుముందుకన్నా స్పష్టంగా కనపడిందా లేదా అని. ఆ పరీక్షకు ఆఫెన్‌బాక్ నిలుస్తాడు. ఆకలిగొన్నవాళ్ళకు కోట దయతో నిమిత్తం లేని ముగింపు రాసే బాధ్యత ఆయన తర్వాత వచ్చినవాళ్ళది. అది ఇంకా తీరలేదు.