చీటీల పరీక్షలో బస్తీ అప్పు

పేదరికాన్ని తొలగించే పథకాలను కూడా మందులను పరీక్షించినట్లే పరీక్షించాలనే వాదం మన విద్యావంతులలో బాగా నాటుకున్నది. 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి రావడంతో దానికి తిరుగులేని ప్రతిష్ఠ లభించింది. నేను సాహిత్యం బోధించేవాణ్ణి. అయినా మన హైదరాబాదు బస్తీలను గురించిన రచనను విమర్శించే హక్కు నాకూ వున్నదనుకుంటాను.

బెనర్జీ, డఫ్లో మరి ఇద్దరితో కలిసి చేసిన పరిశోధన అది. 104 బస్తీలను తీసుకుని, చీటీలు వేసినట్లు సగాన్ని ఏరారు. ఆ 52 చోట్ల ఒక సూక్ష్మరుణ సంస్థ శాఖలు తెరిచింది; తక్కిన చోట్ల అప్పటికి తెరవలేదు. 15–18 నెలల తరువాత రెంటినీ పోల్చారు. 2015లో ప్రచురించిన ఫలితమిది: ఇంటి తలసరి ఖర్చు పెరగలేదు, చదువులో, ఆరోగ్యంలో, స్త్రీల స్వాతంత్ర్యంలో చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు.

ఈ నిజాయితీని మెచ్చుకోవాలి. అప్పు చేతిలో పెడితే చాలు, పేదరాలి బ్రతుకు మారిపోతుందన్న ప్రచారాన్ని దెబ్బతీసినవి ఈ లెక్కలే. కనుక ఇదంతా గారడీ అని కొట్టిపారేసే మిత్రులతో నేను ఏకీభవించలేను.

ఐతే లోపం మాటలోనే వున్నది. మద్యం, పొగాకు, జూదంతో పాటు తమలపాకునూ, ఇంటి బయట తినే తిండినీ ‘ప్రలోభ వస్తువులు’ అనే పద్దు కింద వేశారు. అప్పు వచ్చిన బస్తీల్లో ఆ ఖర్చు తగ్గిందన్నారు. తెల్లవారకముందే అడ్డా మీదికి వచ్చిన కూలివాడు వీధిలో తినే నాలుగు ఇడ్లీలు ప్రలోభమా? తగ్గింది వ్యసనమా, కడుపా? బీదతనానికి బీదవాని మనోదౌర్బల్యమే కారణమనే తీర్పు ఆ పేరులోనే దాగివున్నది.

సగటు సంగతి మరొకటి. ముందే వ్యాపారం వున్నవారిలో పైస్థాయివారి లాభం పెరిగిందని వారే చూపారు. మరి మునిగినవారో? 2010లో వసూళ్ళ దౌర్జన్యమూ, ఆత్మహత్యలూ పత్రికల కెక్కిన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసివచ్చింది. ఆ గోడు సగటులో వినిపించదు.

అప్పు పనిచేసిందా అని అడగడం శాస్త్రమే. కాని రోజంతా పనిచేసినా అప్పెందుకు అవసరమయిందని అడగడం అంతకంటె పెద్ద శాస్త్రం. భూమి పంపకాన్నీ, న్యాయమైన కూలినీ చీటీలు వేసి సగం వూళ్ళకే ఇచ్చి చూడలేము. పరీక్షకు లొంగనంత మాత్రాన ఆ ప్రశ్నలు అబద్ధం కావు. ఆ లెక్కలను మన విద్యార్థులు చదవాలి. చదివి, అందులో లేని ప్రశ్నను తామే వేయాలి.