ఎక్కడివక్కడే ఉండాలండి

బెజవాడలో పాత కంప్యూటర్‌ను అంత తేలిగ్గా ఎవరూ వదులుకోరు. పిసినారితనం కాదు కారణం. గవర్నర్‌పేటలోనూ ఏలూరు రోడ్డు సందుల్లోనూ డీటీపీ పని మీద బతికేవాళ్ల బల్లల కింద పదీ పన్నెండేళ్ల నాటి సీపీయూలు ఇంకా నడుస్తున్నాయి. వాటిలో పేజ్‌మేకర్ ఉంటుంది, అను ఫాంట్లు ఉంటాయి, ఏళ్ల తరబడి కట్టిన శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, కవితా సంపుటాలు ఉంటాయి. అడోబీ కంపెనీ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0ను 2001లో విడుదల చేసి, ఆ తర్వాత పూర్తిగా ఇన్‌డిజైన్ దారి పట్టింది. మన ప్రెస్సుల్లో చాలామంది ఆ దారి పట్టలేదు. పోయినేడాది శుభలేఖలో పేర్లు మార్చి ఈ ఏడాది ఇంకొకటి వేసే వ్యాపారంలో పాత ఫైలు తెరవగానే ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా ఉండాలి. అలా ఉంచగలిగే మిషను వాళ్లకు కొత్త మిషను కన్నా విలువైనది.

చిక్కల్లా ఒకటే. పొద్దున్నే స్విచ్ వేస్తే టీ తాగి వచ్చేదాకా అది లేవదు. ఫాంట్ల మెనూ తెరిస్తే స్టక్. ప్రింట్ ఇస్తే స్టక్. ప్రాసెసర్ పాతబడిందనుకుంటాం గానీ తొంభై పాళ్లు తప్పు హార్డ్‌డిస్క్‌ది. అది తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే అదే మిషను అర నిమిషంలో లేచి కూర్చుంటుంది. ఈ సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. ఏ కంప్యూటర్ షాపుకు వెళ్లినా గంటలో చేసిస్తామంటారు. కానీ ఆ గంటలో ఏం చేస్తారన్న దాంట్లో మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంది. ఆ తేడా గురించే ఈ వ్యాసం.

సులువైన పద్ధతి అందరం చూసిందే. పాత డిస్కు పీకి, కొత్తది తగిలించి, ‘ఫార్మాట్ కొట్టి విండోస్ వేసేశామండీ, చాలా ఫాస్ట్‌గా ఉంది’ అంటారు. ఫాస్ట్‌గానే ఉంటుంది. ఖాళీ ఇంట్లో నడవడానికి అడ్డేముంది? యజమాని ఇంటికెళ్లి చూసుకుంటే ప్రింటర్ డ్రైవర్ లేదు, ఫాంట్లు సగమే ఉన్నాయి, కీబోర్డు లేఅవుట్ మారిపోయింది, టాలీ డేటా ఏ ఫోల్డర్లో ఉండేదో గుర్తులేదు. పనితనం తెలిసినవాడు ఇలా చేయడు. ‘ఏవండీ, నా ఫాంట్లన్నీ ఉంటాయా?’ అని అడిగితే ‘ఎక్కడివక్కడే ఉంటాయండి’ అంటాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికి పడే శ్రమ బయటికి కనిపించదు.

ముందు డిస్కు మారిస్తే ఎందుకంత మార్పో చూద్దాం. డెస్క్‌టాప్ హార్డ్‌డిస్క్ నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క దాన్ని చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్ సరైన వలయం మీదికి జరగడానికి మరో ఎనిమిదో తొమ్మిదో. అంతా కలిపితే సెకనుకు డెబ్బయ్యో ఎనభయ్యో చిన్న ముక్కలు తెచ్చి ఇవ్వగలదు. విండోస్ లేచేటప్పుడు అడిగేవి వేలకొద్దీ చిన్న ముక్కలు. వందల ఫాంట్లున్న సిస్టమ్‌లో ఆ అడుగుడు మరీ ఎక్కువ. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1987లో లోకానికి చూపించిన నాండ్ ఫ్లాష్ దానికి మూలం. ఏ ముక్క అడిగినా మిల్లీసెకనులో పదో వంతు కూడా పట్టకుండా ఇస్తుంది.

అట్టపెట్టె మీద ‘సెకనుకు 550 ఎంబీ’ అని అచ్చేసిన అంకెను చూసి మురిసిపోయేవాళ్లున్నారు. పాత బోర్డు మీద ఆ అంకె రాదు. మన దగ్గర అసెంబుల్డ్ సిస్టమ్స్‌లో లెక్కలేనన్ని అమ్ముడైన హెచ్61 చిప్‌సెట్‌కు డిస్కును కలిపే సాటా పోర్టు వేగం సెకనుకు 3 గిగాబిట్లే, అంటే అందులో సగం. అయినా బాధ లేదు. మన అనుభవంలోకి వచ్చే వేగం చిన్న ముక్కలది; ఆ పనికి 3 గిగాబిట్ల దారి చాలు. కంపెనీల ఆఫీసుల నుంచి దిగి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చే డెల్ ఆప్టిప్లెక్స్ 7010లో సంగతి వేరు. దాని క్యూ77 చిప్‌సెట్‌కు 6 గిగాబిట్ల పోర్టులు రెండే, మిగిలినవి 3 గిగాబిట్లవి. పని తెలిసినవాడు ఏ పోర్టు ఏదో బోర్డు మీద అచ్చు చూసి, వేగమైనదాన్ని ఎస్‌ఎస్‌డీకి ఇచ్చి, డీవీడీ డ్రైవును పక్కకు జరుపుతాడు. చూడనివాడు ఖాళీగా కనబడిన దాంట్లో గుచ్చుతాడు.

ఇక చేతిపని. క్యాబినెట్ పక్క రేకు తీయగానే మొదట కనిపించేది దుమ్ము. బెజవాడ దుమ్ము ఎండాకాలంలో పొడిగా, వానాకాలంలో జిగురుగా ఉంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు మంచి మెకానిక్ ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుంటాడు. వదిలేస్తే ఆ గాలికి అది దాని హద్దుకు మించి తిరిగి బేరింగ్ పాడవుతుంది. మచిలీపట్నం, నాగాయలంక వైపు నుంచి వచ్చిన సిస్టమ్ అయితే ఉప్పుగాలికి పిన్నుల మీద చిలుము పడుతుంది. ర్యామ్ తీసి దాని బంగారు పూత అంచును పిల్లలు వాడే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, మళ్లీ పెడతాడు. ఎస్‌ఎస్‌డీ మార్చడానికీ దీనికీ సంబంధం లేదనుకోవచ్చు. రేపు సిస్టమ్ డిస్‌ప్లే రాకపోతే యజమాని అనేది మాత్రం ‘మీరు ఎస్‌ఎస్‌డీ వేసిన దగ్గర్నుంచే’ అని.

తర్వాత స్క్రూలు. 3.5 అంగుళాల హార్డ్‌డిస్క్‌కు పట్టే స్క్రూ లావుమరది, 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీకి పట్టేది సన్నమరది, ఎమ్3 అంటారు. షాపుల్లో డబ్బా ఒకటే, అన్నీ అందులోనే. లావుమర స్క్రూను బలవంతంగా ఎస్‌ఎస్‌డీ రంధ్రంలో తిప్పితే లోపలి మరలు అరిగిపోతాయి. చెయ్యి తిరిగినవాడు స్క్రూను ముందు వేళ్లతోనే రెండు చుట్లు తిప్పి చూస్తాడు. సాఫీగా దిగితేనే స్క్రూడ్రైవర్ అందుకుంటాడు. ఈ ఒక్కటీ గమనిస్తే చాలు, ఆ మనిషికి మీ సిస్టమ్ అప్పజెప్పవచ్చో లేదో తెలిసిపోతుంది.

ఎస్‌ఎస్‌డీలో కదిలేదేమీ లేదు కాబట్టి ఎలా పెట్టినా పనిచేస్తుందన్నది నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని కేబుల్‌కు వేలాడదీసి వదిలేసేవాళ్లు కోకొల్లలు. ఎస్‌ఎస్‌డీకి బరువు లేదు, బరువంతా కేబుళ్లది. సాటా కనెక్టర్లో ఎల్ ఆకారంలో ఉండే ప్లాస్టిక్ నాలుక పలచనిది. ఏళ్ల తరబడి కేబుల్ లాగుతుంటే పుటుక్కుమంటుంది. అందుకే బ్రాకెట్ వేసి, నాలుగు స్క్రూలు బిగించి, కేబుల్‌ను మెలిక లేకుండా తిప్పి కట్టాలి. ఆ కనెక్టర్ తయారీలోనే ఎంత ఆలోచన ఉందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. డేటాకు 7 పిన్నులు, పవర్‌కు 15. అన్నీ ఒకే పొడుగు కాదు. గ్రౌండ్ పిన్నులు కొంచెం పొడుగు. గుచ్చేటప్పుడు ముందు గ్రౌండ్ తగులుతుంది, తర్వాతే కరెంటు. పీకేటప్పుడు గ్రౌండ్ చివర్లో విడుతుంది. మిల్లీమీటరు కూడా లేని ఆ తేడా చిప్పును కాపాడుతుంది.

కానీ అసలు పని స్క్రూడ్రైవర్ పట్టకముందే మొదలవుతుంది. పాత డిస్కు ఆరోగ్యం చూడకుండా క్లోనింగ్, అంటే దానిలోనిదంతా ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి దించడం, మొదలుపెట్టడం దుస్సాహసం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిస్తే డిస్కు తన గురించి తాను రాసుకున్న లెక్కలు కనిపిస్తాయి. పాడైన సెక్టార్లకు బదులు వేరేవి ఎన్ని వాడుకుంది, చదవలేక ఇంకా ఎన్ని పెండింగులో పెట్టింది అన్నవి అందులో ముఖ్యం. అక్కడ పసుపు రంగు వచ్చిందంటే ఆ డిస్కుతో మామూలు పద్ధతి పనికిరాదు. లైనక్స్‌లో డీడీరెస్క్యూ అని ఒక సాధనం ఉంది. అది చదవడానికి మొరాయించే చోట మొండిపట్టు పట్టదు. దాన్ని చిట్టాలో రాసుకుని దాటుకుంటూ వెళ్లి, బాగున్నదంతా ముందు తీసేసుకుంటుంది; మిగిలిన చోట్లకు తీరిగ్గా తిరిగొస్తుంది. ఒక రాత్రంతా పట్టవచ్చు. ‘రేపు రండి’ అన్న మెకానిక్ మీద విసుక్కునే ముందు ఇది గుర్తుంచుకోవడం మంచిది.

క్లోనింగ్‌లో తెలియనివాళ్లు పడే గుంటలు రెండు. మొదటిది ఎక్స్‌పీ కాలం నాటిది. అప్పట్లో పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యేది. సెక్టారుకు 512 బైట్లు. 63తో గుణిస్తే 32,256. ఎస్‌ఎస్‌డీ లెక్క 4,096 బైట్ల కొలతల్లో నడుస్తుంది, 32,256ను 4,096తో భాగిస్తే శేషం మిగులుతుంది. అందువల్ల ప్రతి రాతా రెండు గళ్ల మీద అడ్డంగా పడి, ఒక పనికి రెండు పనులవుతాయి. ఎస్‌ఎస్‌డీ వేశాక కూడా ‘ఏదో పర్లేదు’ అనిపించే పాత సిస్టమ్‌లలో కొన్నిటి జబ్బు ఇదే. విస్టా నుంచి పార్టిషన్ 2,048వ సెక్టార్ దగ్గర, అంటే 10,48,576 బైట్ల దగ్గర మొదలవుతుంది. అది నిశ్శేషంగా భాగింపబడుతుంది. మంచి పనివాడు క్లోన్ అయ్యాక సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి ఈ అంకె ఒకసారి సరిచూసుకుంటాడు. అర నిమిషం పని.

రెండోది ఇంకా మాయదారిది. క్లోన్ అంటే నకలు. డిస్కు సంతకంతో సహా నకలు. రెండు డిస్కులూ కలిపి ఆన్ చేస్తే విండోస్ తికమకపడుతుంది. ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది, లేదా పాత డిస్కు నుంచే లేచి, కొత్తది పనిచేస్తోందన్న భ్రమ కలిగిస్తుంది. అందుకే మొదటిసారి ఎస్‌ఎస్‌డీ ఒక్కటే తగిలించి లేపాలి. అది తన కాళ్ల మీద నిలబడిందని తేలాకే పాత డిస్కు కేబుల్ గుచ్చాలి. అప్పుడు డ్రైవు అక్షరాలు చూసుకోవాలి. మన సిస్టమ్స్‌లో ఫైళ్లన్నీ డీలోనో ఈలోనో దాచుకుంటాం. డీ కాస్తా ఎఫ్ అయిందో, పేజ్‌మేకర్ పేజీల్లో పెట్టిన బొమ్మల లింకులన్నీ తెగిపోతాయి. అక్షరం మార్చి మళ్లీ డీ చేయడానికి పట్టేది పది సెకన్లు. చేయకపోతే డీటీపీ ఆపరేటర్‌కు వారం రోజుల నరకం.

బయోస్‌లో డిస్కుతో మాట్లాడే పద్ధతిని పాత ఐడీఈ మోడ్ నుంచి కొత్తదైన ఏహెచ్‌సీఐకి మార్చడం ఇంకో సున్నితమైన ఘట్టం. విండోస్ 7లో ముందుగా రిజిస్ట్రీలో ఆ డ్రైవర్‌ను మేల్కొలపకుండా మారిస్తే నీలి తెర వచ్చి సిస్టమ్ లేవదు. కంగారుపడినవాడు అక్కడే ఫార్మాట్ కొట్టేస్తాడు. ఓపిక ఉన్నవాడు వెనక్కి వెళ్లి ఐడీఈ పెట్టి, లేపి, ఒక్క అంకె మార్చి, మళ్లీ ముందుకొస్తాడు. మామూలు జీ41 బోర్డుల్లో చాలావాటికి ఏహెచ్‌సీఐ అసలే ఉండదు. లేనిదాని కోసం వెతకకుండా ఉన్నదాంతో సరిపెట్టడం కూడా పనితనమే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లూ షాపులూ మునిగాయి. నీళ్లలో నానిన సీపీయూ దగ్గర రెండు డిస్కుల తేడా బాగా తెలుస్తుంది. హార్డ్‌డిస్క్ మీద ‘ఈ రంధ్రం మూయవద్దు’ అని ఇంగ్లీషులో రాసి ఒక చిన్న కన్నం ఉంటుంది, గాలి ఒత్తిడి సర్దుకోవడానికి. బురదనీరూ ఆ దారినే వెళ్తుంది. పళ్లేనికీ హెడ్‌కూ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లు. అందులోకి ఒండ్రు చేరాక కరెంటు ఇస్తే పళ్లెం గీరుకుపోతుంది. ఎస్‌ఎస్‌డీలో గీరుకుపోవడానికి ఏమీ లేదు. కడిగి, పూర్తిగా ఆరబెట్టి చూస్తే బతికే అవకాశం ఎక్కువ. కానీ ఎస్‌ఎస్‌డీ చచ్చేటప్పుడు ముందస్తుగా కిర్రుమనదు. చెప్పాపెట్టకుండా పోతుంది. అందులోంచి డేటా తీయడం హార్డ్‌డిస్క్ కన్నా కష్టం.

ప్రతి పాత సిస్టమ్‌కూ ఈ ఖర్చు పెట్టమని చెప్పను. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ముగిసింది. బ్యాంకు పనులు, జీఎస్టీ, ఆన్‌లైన్ చెల్లింపులు చేసుకునే మిషను అయితే ఆ డబ్బు కొత్త సిస్టమ్‌కు దాచుకోవడమే మంచిది. నెట్‌కు కట్టేయకుండా పేజ్‌మేకర్ కోసమో, షాపు లెక్కల కోసమో వాడుకునే మిషనుకు మాత్రం ఇంతకన్నా లాభసాటి రిపేరు ఇంకొకటి నాకు తెలియదు. లారీ ఇంజిన్‌కు బోరింగ్ చేయించి మళ్లీ రోడ్డెక్కించే ఆటోనగర్ ఉన్న ఊరికి ఈ లెక్క ఒకరు చెప్పాల్సిన పని లేదు.

లెక్క తప్పేది కూలి దగ్గర. ఎస్‌ఎస్‌డీ ధర పెట్టె మీద ఉంటుంది కాబట్టి ఇచ్చేస్తాం. క్లోనింగ్ చేసినందుకు అడిగిన నాలుగైదు వందల దగ్గర బేరమాడతాం, ‘కేబుల్ మార్చడమేగా’ అంటూ. ఆ బేరమే ఫార్మాట్ కొట్టి చేతులు దులుపుకునేవాణ్ని తయారుచేస్తుంది. అడిగింది ఇవ్వండి, ఇచ్చి, పాత డిస్కు ఆరోగ్యం చూశారా, డ్రైవు అక్షరాలు సరిచూశారా అని అడగండి. పాత డిస్కులోని సీ డ్రైవును వెంటనే చెరపవద్దని కూడా చెప్పండి. ఒక నెల అలాగే ఉండనివ్వండి. నెల తిరిగేసరికి జీతాల పట్టీ, బిల్లులు, స్టాకు లెక్క అన్నీ ఒక్కో చుట్టు వస్తాయి, తగ్గింది ఏదైనా ఉంటే ఆ లోపు బయటపడుతుంది.